శివారు తడి

పొద్దున్న ఏడు. అమలాపురం.
స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో రుద్ది
చలి పోగొట్టి
గెడ్డం బులికొండ పొట్ట మీద పెట్టాను.
ఐదు రోజుల కిందట
ఆయన పెద్దపేగులో జానెడు ముక్క తీసి
రెండు కొసలూ కలిపి కుట్టింది నేనే.
కుట్టాక పేగు అలుగుతుంది.
బతిమాలితే పలికే రకం కాదు.

"గాలి పోయిందా?"
పెళ్లి పందిట్లో వచ్చిందంటే
ఊరు ఏడాదిపాటు నవ్వుకునే చప్పుడు.
దాని కోసం ఇక్కడ
నేనూ, సిస్టర్ కరుణకుమారీ, పక్క మంచం ఆయనా,
కొంగు నోటికడ్డం పెట్టుకున్న భార్య మంగాయమ్మా
ఊపిరి బిగబట్టి ఉన్నాం.
"తెల్లారగట్ల రెండుసార్లండి" అన్నది ఆవిడే.
ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ముప్పై ఏళ్లు లాకు దగ్గర లస్కరు పని.
సిగ్గు కాస్త తగ్గాక చెప్పాడు:
"కాలవ కట్టేసి ఒదిలినప్పుడూ ఇంతేనండి.
ఎండిన బోదెలోకి ముందు నీరు రాదు,
బుడగలొత్తాయి. గుడగుడమంటాది.
తూడో గుర్రపుడెక్కో అడ్డం పడితే ఆగుద్ది,
మళ్లీ కదులుద్ది.
ఇంతకీ నన్నెప్పుడు ఒదుల్తారు?"

జ్వరం లేదు. నాడి ఎనభై నాలుగు.
ఇడ్లీ ఒకటిన్నర, కక్కలేదు.
వరండా కొసదాకా నడిచి, తిరిగొచ్చి, మళ్లీ నడిచాడు.
గోడకి అంటించిన కాగితంలో
అన్ని గళ్లకీ టిక్కులు పడ్డాయి.
తలుపు దగ్గర స్ట్రెచర్ మీద ఇంకొకాయన
ఈ మంచం కేసే చూస్తున్నాడు.

పోయినేడు మల్లాడి పోలమ్మకీ
అన్నీ టిక్కులే.
రొయ్యల షెడ్డులో నాగాలెక్కువైతే పని పోతుందని
నొప్పి పంటి కింద దాచి నవ్వింది.
నవ్వుకి గడి లేదు ఆ కాగితంలో.
నాలుగో రోజు పంపించేశాను.
ఆరో రోజు రాత్రి కుట్టు వదిలింది.
రేవులో పంటు తాళ్లు కట్టేసి ఉంది.
తెల్లవార్లూ ఏటి గట్టు మీద, టార్పాలిన్ కింద
ముడుచుకు పడుకుని
మొదటి పంటుకి వచ్చింది.
బతికింది.
ఐదు నెలలు పొట్ట పక్కన సంచీతో.
నన్ను ఒక్క మాట అనలేదు.
అనుంటే బాగుండేది.

అందుకని ఇప్పుడు
చదువులో లేని ప్రశ్నలు అడుగుతాను.
మీ ఇంటికి ఎన్ని రేవులు దాటాలి?
ఆఖరి పంటు ఎన్నింటికి?
మరుగుదొడ్డి ఇంట్లోనా, చేలోనా?
మీకు బాగోలేదని
మీకంటే ముందు కనిపెట్టేదెవరు?

"నేనేనండి" అంది మంగాయమ్మ.
"ఈయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి."

అయినా పెన్ను కాగితం మీద ఆగిపోయింది.
బులికొండ ఆ పెన్ను కేసి చూశాడు.
"లాకు దగ్గర నీళ్లు చూసి
శివారుకి అందిందని రాసేసేవోళ్లు ఉండేవారండి.
నేను సైకిలేసుకుని ఎల్లి
ఆఖరి చేలో కాలెట్టి
తడి తగిల్తేనే రాసేవోణ్ణి.
పోన్లెండి. ఇయ్యాల రాయకండి."

రాయలేదు.
స్ట్రెచర్ ఆయనకి వరండాలో మంచం వేయించాను,
సూపరింటెండెంటు చేత నాలుగు మాటలు పడ్డాను.
మర్నాడు ఆయనకి విరేచనమైంది.
మధ్యాహ్నం పంటుకి పంపాను,
నా ఫోన్ నెంబరు రెండు చోట్ల రాసి.

మూడో రాత్రి, తొమ్మిదీ నలభై.
ఫోను.
ఆఖరి పంటు ఎనిమిదికే.
కుర్చీ వెనక్కి పడింది, నేనెప్పుడు లేచానో తెలీదు.
"డాట్రుగారూ,
పెరుగన్నంలోకి ఆవకాయ బద్ద కావాలని
పేచీ పెడుతున్నారండి. పెట్టనా?"

"వద్దు" అన్నాను,
వార్డు మొత్తం లేచేలా.
తర్వాత, నెమ్మదిగా:
"చెవులు ఎలా ఉన్నాయి?"

లాంతరో, టార్చిలైటో
దగ్గరికి తీసుకెళ్లిన అలికిడి.
"మామూలుగానే ఉన్నాయండి."